జాడ పడకుండా నడిచిన సింగారి

గట్టుసీమ అని ఒక రాజ్యం ఉండేది. అది ఎక్కడ ఉండేదని మాత్రం అడక్కండి, మధ్యలో అడ్డు తగిలితే నాకు కోపం వస్తుంది. పేరుకు తగ్గట్టే ఆ రాజ్యం చుట్టూ గట్లు. తూర్పున గట్లు, పడమర గట్లు, ఉత్తరాన మబ్బుల్ని తాకే గట్లు. ఆ నేల మీద జొన్న పండేది, కంది పండేది, మేకలకైతే లెక్కే లేదు. లేనిదల్లా ఉప్పు. అది గట్ల అవతలి సముద్రపు ఒడ్డు నుంచి మనుషుల భుజాల మీద రావలసిందే.

ఆ ఉప్పు బాట మీదకు ఆరేళ్ల క్రితం ఒక రక్కసుడు వచ్చి చేరాడు. వాణ్ణి జాడల రక్కసుడు అనేవారు. వాడికి కాళ్లు లేవు. మనిషి నడిచిన జాడ ఉంటే చాలు, దాని మీద జారుకుంటూ వచ్చి ఎదురైనవాణ్ణి ముట్టుకునేవాడు. వాడు ముట్టుకున్న మనిషి రాయి అయిపోయేవాడు. అంతే, ఉప్పు రావడం ఆగిపోయింది. ఉప్పు లేని కూడు ఒక్క పూట తిని చూడండి, ఆ రాజ్యం ఎంత ఏడ్చిందో మీకే తెలుస్తుంది. పశువులు పాత ఉప్పుకొట్ల గోడలు నాకి నాకి నాలుకలు పుండ్లు చేసుకున్నాయి. రాజుగారు పంపిన సైనికులు దర్జాగా గుర్రాలెక్కి ఆ బాట పట్టే వెళ్లారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

మొట్టమొదట రాయైపోయిన ఉప్పు మోతగాళ్లలో గంగులు అనే కుర్రాడు ఉన్నాడు. అప్పటికి వాడికి పదహారేళ్లు. అమ్మానాన్నలు పోయాక పదేళ్ల చెల్లెలు సింగారిని పెంచుతున్నది వాడే. వాడు కూడా పోయాక సింగారిని మేనమామ ఓబన్న చేరదీశాడు. ఆమె మామ మేకలు కాస్తూ పెరిగింది. మేకలు మేసే గట్టు ఎక్కితే దూరాన కనుమ దగ్గర ఆ రాళ్లు కనిపించేవి. అన్నిటికంటే ముందున్నది తన అన్న అని ఆమెకు తెలుసు.

ఏటా వసంతం మొదలైన రోజున, సూర్యుడు కుంకేవేళ, ఆ రాళ్లు నేలలోకి కొంత కూరుకుపోయేవి. మొదట మోకాళ్లు పోయాయి, తర్వాత నడుములు, తర్వాత ఛాతీలు. ఇప్పుడు మెడ నుంచి పైభాగమే మిగిలింది. ఈ వసంతంలో కూడా ఎవరూ వెళ్లకపోతే ఇక అన్న తల కూడా కనిపించదు. ఆ దిగులుతో సింగారికి కూడు సహించేది కాదు.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లవారుతూనే ఉత్తరపు గట్టు కొసన ఎర్రటి చుక్క ఒకటి కనబడింది. కనుమ మీద ఉన్న ఒంటరి మోదుగ చెట్టు పూసిందన్నమాట. సింగారి సొరకాయ బుర్రలో నీళ్లు నింపుకుని, చేతికర్ర పట్టుకుని బయలుదేరింది. "నువ్వొక్కదానివే పోతే నేను ఊళ్లో తల యాడ పెట్టుకునేది?" అంటూ ఓబన్న వెంట నడిచాడు. పాపం, భారీ మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మూడోవాడు రాజకుమారుడు హేమాంగదుడు. సింగారి బయలుదేరిందని విని, పట్టు ఉత్తరీయం భుజాన వేసుకుని కోటగుమ్మం దగ్గర కాచుకుని ఉన్నాడు. "నా ప్రజలు మట్టిలో కూరుకుపోతుంటే నేను మేడ మీద నుంచి చూస్తూ కూర్చోలేను. నన్నూ రానివ్వండి" అన్నాడు. మంచి పిల్లాడే, కాకపోతే జన్మలో ముల్లు గుచ్చుకోలేదు.

గట్టు అడుగున ఒక పెద్ద పుట్ట ఉంది. అందులో గడ్డం మాత్రం బయటికి కనిపించేలా ఒక ముసలి ముని కూర్చుని ఉన్నాడు.

"ఎవరది, నా పుట్ట తొక్కేది?" అని గద్దించాడు ముని.

"తొక్కలేదు సామీ, పక్క నుంచే వచ్చినాం" అంది సింగారి. "కనుమ కాడ మా అన్న రాయైపోయినాడు. యెట్లా తెచ్చుకోవాల్నో చెప్పు సామీ, నీ కాళ్లు మొక్కుతా."

"ఆ మోదుగ పూలు నీళ్లలో పిసికి, ఆ రసం రాళ్ల మీద చల్లు. మనుషులై లేస్తారు. కానీ సూర్యుడు కుంకాడంటే చెట్టున పువ్వూ ఉండదు, నేల మీద మీ అన్నా ఉండడు. నాతో కబుర్లేమిటి, నడు!"

"మహర్షీ, బాట మీద రక్కసుడున్నాడు కదా?" అన్నాడు రాజకుమారుడు.

"అయితే బాట ఎందుకయ్యా తొక్కడం? మనిషి జాడ లేని నేల మీద వాడు రవ్వంత కూడా కదల్లేడు. గట్ల నెత్తి మీదుగా అడ్డంపడి పోండి" అని ముని కళ్లు మూసుకున్నాడు.

ముగ్గురూ బాట వదిలి గట్టెక్కారు. శిశిరం అప్పుడే వెళ్లిపోయిన రోజులు. టేకు చెట్లు మోడులై నిలబడ్డాయి. కింద ఎండుటాకులు చీలమండల దాకా పరుచుకుని ఉన్నాయి. అక్కడక్కడా వేపచెట్లకు ఎర్రటి చిగురు తొడిగింది. పొద్దున్నే చలి ఎముకలు కొరుకుతోంది, ఇంకాస్త పొద్దెక్కితే ఎండ మాడు పగలగొట్టేలా ఉంది.

కొత్త నేల మీద నడవడానికి మేకలు కాసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ముందు నడిచేవారు కర్రతో తట్టి చూసి అడుగేస్తారు. వెనకవాళ్లు సరిగ్గా ఆ అడుగులోనే అడుగు పెడతారు. ముందువాళ్లను కుట్టని తేలు వెనకవాళ్లనూ కుట్టదు కదా! సింగారికి అది పుట్టుకతో వచ్చిన నడక.

"నా అడుగులో అడుగు వెయ్యండి. పక్కకు పోయినారంటే ముల్లు దిగుతాది" అని హెచ్చరించి ముందు నడిచింది. ఆమె వెనక రాజకుమారుడు, అతని వెనక ఓబన్న. ఒక గట్టు దాటారు, ఇంకో గట్టు ఎక్కారు. ఎక్కడా రక్కసుడి అలికిడి లేదు.

"సింగారీ, నా వెనక ఆకులు గలగలమంటాండాయే. యెవరో వస్తాండారు" అన్నాడు ఓబన్న.

"నీ వెనక నీ పిరికితనం వస్తాంది మామా. నడువు, పొద్దు పోతాంది" అని సింగారి నవ్వింది. రాజకుమారుడు కూడా నవ్వాడు. ఓబన్న నవ్వలేదు.

మూడో గట్టు మీద ఇప్పచెట్టు కింద ఒక ఎలుగుబంటి అడ్డంగా కూర్చుని రాలిన పూలు తింటోంది. దాని ఒళ్లంతా వెండి రంగు. వీళ్లను చూసి రెండు కాళ్ల మీద లేచింది. రాజకుమారుడి చెయ్యి కత్తి మీదకు పోయింది.

"కత్తి ముట్టుకున్నావంటే నీ చెయ్యి పీకేస్తాను. ఈ గట్టు నాది. ఎంతమంది వచ్చారు?" అంది ఎలుగుబంటి, మనిషి గొంతుతోనే.

"ముగ్గురం. మా అన్న కోసం పోతాండాం. దోవ ఇయ్యి తల్లీ" అంది సింగారి.

ఎలుగుబంటి గాలి పీల్చి చూసింది. దాని వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "అబద్ధం చెప్పేవాళ్లను నేను పోనివ్వను. మీరు నలుగురు" అంది.

సింగారి గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఓబన్న భుజం వెనక ఒక ముఖం ఉంది. దుమ్ము రంగులో, పొడుగ్గా, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. నడుము వరకే ఒళ్లు, ఆ కింద ఏమీ లేదు. వాడి చెయ్యి అప్పటికే ఓబన్న వీపు మీద ఉంది. ఓబన్న పాదాలు నల్లబడ్డాయి, పిక్కలు రాయయ్యాయి.

ఓబన్న పారిపోవాలని చూడలేదు, తాము వచ్చిన వైపు చూశాడు. ఎండుటాకుల మధ్య, గట్టు పొడుగునా, తలలో పాపిట తీసినట్టు సన్నటి బాట కనిపిస్తోంది. ముగ్గురూ ఒకరి అడుగులో ఒకరు అడుగు వేసి, తమ చేతులారా వేసుకున్న బాట అది.

"సింగారీ! మనమే బాట యేసినామే!" అని అరిచాడు. "ఒకరెనక ఒకరు పోవద్దండి! యెవరి దోవ వాళ్లు..." మాట పూర్తి కాకుండానే పెదవులు రాయైపోయాయి.

రక్కసుడు ముందుకు చెయ్యి చాచాడు. ఇద్దరూ చెరో పక్కకు దూకారు. తొక్కని నేల మీదకు వాడు రాలేకపోయాడు. పళ్లు పటపట కొరికి, వచ్చిన జాడ మీదే వెనక్కి జారిపోయాడు.

"నేనే చంపినా మామను! నా అడుగులో అడుగు వెయ్యమని నేనే చెప్పినా. పైగా నవ్వినా!" అని సింగారి గుండెలు బాదుకుంది.

"చావలేదు, రాయయ్యాడు. పూలు తెస్తే లేస్తాడు" అన్నాడు రాజకుమారుడు. "రక్కసుడు ఊరుకోడు. పాత బాట మీదుగా చుట్టి వచ్చి మనకంటే ముందే కనుమ చేరతాడు. లే సింగారీ!"

ఎలుగుబంటి పక్కకు తప్పుకుంది. "పొండి. ఇకనుంచి నా గట్టు మీద బాటలు వేయకండి" అంది.

అక్కడి నుంచి సింగారి గట్టుకు కుడి వాలున, రాజకుమారుడు ఎడమ వాలున నడిచారు. అటంతా బోదగడ్డి. ఒక్క మనిషి తొక్కితే వంగి, మళ్లీ లేచి నిలబడుతుంది. అది బాగానే ఉంది కానీ, ఒంటరిగా నడవడం ఎలా ఉంటుందో సింగారికి అంతకుముందు తెలియదు. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. జారితే పట్టుకునే చెయ్యి లేదు. గట్టు అవతల మనిషి ఉన్నాడో లేడో కూడా కనిపించదు. అందుకని కాసేపటికొకసారి "ఓయ్!" అని కేక వేసేది. అటువైపు నుంచి "ఓయ్!" అని జవాబు వచ్చేది.

ఒకసారి జవాబు రాలేదు. మళ్లీ కేక వేసింది. గాలి తప్ప ఏమీ లేదు. సింగారికి అడుగు ముందుకు పడలేదు. చివరికి ఎక్కడో కింద నుంచి, "ఉన్నాను! రేగుముళ్లలో ఉన్నాను! నువ్వు నడుస్తూ ఉండు!" అని ఏడుపు గొంతు వినబడింది. ఆమెకు నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి.

పొద్దు వాలేసరికి ఇద్దరూ చివరి గట్టు మొదలుకు చేరారు. దాన్ని కత్తిగట్టు అంటారు. పేరే చెబుతోంది కదా, రెండు పక్కలా లోయ, నడుమ ఒక్క మనిషి పట్టే నేల. దాని అవతలి కొసనే ఎర్రగా మండుతున్నట్టు మోదుగ చెట్టు, చెట్టు పక్కనే కనుమ. అయితే చలికాలంలో అక్కడ కార్చిచ్చు రేగినట్టుంది, గట్టు పొడుగునా గడ్డి కాలి మెత్తటి బూడిద పరుచుకుని ఉంది. బూడిదలో ఒక్క అడుగు పడినా చెక్కినట్టు నిలిచిపోతుంది.

"ఇక్కడ జాడ పడక తప్పదు" అన్నాడు రాజకుమారుడు నీరసంగా.

సరిగ్గా అప్పుడే ఎడమవైపు లోయలోంచి పైకి వచ్చే పాత ఉప్పు బాట మీద దుమ్ము లేచింది. రక్కసుడు వస్తున్నాడు. కత్తిగట్టు మీదుగా కనుమకు పోయే ఆ బాటను అక్కడి నుంచి బూడిద కప్పేసింది, అందుకని ఇప్పుడది వాళ్లు నిలబడ్డ చోటే ముగుస్తోంది.

"యువరాజా, నువ్వు ఆ బండ మీదికి ఎక్కు. నేను పోతా" అంది సింగారి.

"వాడు నీ వెనకే వస్తాడు!"

"ఆగితే మా అన్న ఉండడు!" అని ఆమె బూడిదలోకి పరుగెత్తింది.

రాజకుమారుడు బండ ఎక్కాడో లేదో రక్కసుడు దాని కిందుగా దూసుకుపోయాడు. అతని వైపు కన్నెత్తి చూడలేదు. బూడిదలో తాజా జాడ కనిపించగానే వాడు ఒక ఈల వేసి సింగారి వెంటపడ్డాడు. ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే కాళ్లు ఆగిపోతాయని ఆమెకు తెలుసు. బూడిద లేచి కళ్లలో పడుతోంది, ఊపిరి అందడం లేదు, వీపు మీద చల్లటి గాలి తగులుతోంది. చెట్టు ఇంకా కొంచెం దూరం ఉండగానే మోదుగ కొమ్మ ఒకటి గట్టు మీదకు వంగి కనిపించింది. సింగారి ఎగిరి దాన్ని పట్టుకుంది. కాళ్లు ముడిచి పైకి లాక్కుంది. రక్కసుడి చెయ్యి ఆమె కాలిగోళ్ల కింద గాలిని పట్టుకుంది.

ఆమె చివరి అడుగు దగ్గర వాడు ఆగిపోయాడు. ఆ ముందు మనిషి జాడ లేదు. పైకి చూస్తూ బుసకొట్టాడు. కొమ్మ మీద నుంచి చూస్తే సింగారికి గట్టు మొత్తం కనబడింది. ముందు కొస ఇక్కడ తెగింది. వెనక కొస కూడా తెగితే?

"యువరాజా! దిగి వచ్చి ఆ మొదట్లో నా అడుగుల్ని అలుకు!" అని గొంతు చించుకుంది.

"ఏం చెయ్యాలి?"

"అలకాల! ఇల్లు అలికేది చూళ్లేదా యెప్పుడూ? లోపలికి పోయి, తుడుచుకుంటా వెనక్కి రావాల! నీ అడుగు కూడా మిగలకూడదు!"

రాజకుమారుడు జన్మలో చీపురు పట్టలేదు. అయినా బండ మీద నుంచి దూకి, బూడిదలోకి కొంత దూరం పరుగెత్తి, పట్టు ఉత్తరీయం తీసి, వంగి, తన అడుగులూ ఆమె అడుగులూ కలిపి తుడుస్తూ వెనక్కి నడవసాగాడు. రక్కసుడికి సంగతి అర్థమైంది. చటుక్కున తిరిగి అతని మీదకు దూసుకొచ్చాడు. ఎదురుగా మృత్యువు వస్తుంటే తల వంచుకుని నేల తుడవడమంటే మాటలా! రాజకుమారుడు తలెత్తలేదు. తుడిచాడు, వెనక్కి అడుగేశాడు, తుడిచాడు. తుడిచిన నేల అంచున రక్కసుడు గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయాడు. వాడి వేళ్లు అతని ముక్కుకు జానెడు దూరంలో గాలిలో కొట్టుకున్నాయి. రాజకుమారుడు తుడుస్తూనే వెళ్లి బండ మీదికి ఎక్కి కూలబడ్డాడు.

ఈలోగా సింగారి దొరికిన పువ్వల్లా దూసి, సగం కొంగులో మూటకట్టి, సగం సొరకాయ బుర్రలో వేసి పిసికింది. సూర్యుడు గట్టుకు ఆనుకున్నాడు. కనుమ దగ్గర రాళ్లు కదులుతున్నాయి. చూస్తూండగానే మట్టి అన్న గడ్డం దాటి పెదవుల దాకా వచ్చింది. ఇక ఆగడానికి లేదు. ఆమె కొమ్మ మీద ముందుకు పాకి, బుర్రలోని రసమంతా ఆ రాళ్ల మీదకు విసిరికొట్టింది.

నేల ఉబ్బింది. తలలు, భుజాలు, భుజాల మీద ఉప్పు మూటలతో సహా మనుషులు పైకి వచ్చారు. అందరికంటే ముందు గంగులు. రాయైపోయిన రోజున ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు, ఒక్క రోజు కూడా వయసు పెరగలేదు. కళ్లు నులుముకుని చూశాడు.

రక్కసుడు అప్పటికే జాడ ముందు కొసకు వచ్చి ముసలివాడి రూపం ఎత్తాడు. బూడిదలో బోర్లా పడి వణుకుతూ, "నాయనా, పడిపోతాండా, ఒక్కడుగు ముందుకొచ్చి చెయ్యి అందియ్యి" అన్నాడు. ఆ ఒక్క అడుగు పడితే చాలు, వాడికి మళ్లీ జాడ దొరికినట్టే.

గంగులు జాలిగుండె మనిషి. మూట దించి కాలు ఎత్తాడు.

"అన్నా! అడుగెయ్యొద్దు! వాడు రక్కసుడు!"

గంగులు తలెత్తి చూశాడు. కొమ్మ మీద బూడిద కొట్టుకుపోయిన ఈడొచ్చిన పిల్ల ఒకతె కనిపించింది. "యెవరమ్మా నువ్వు? ముసలాయన పడిపోతాంటే చూస్తా నిలబడమంటావా?"

"నేను సింగారిని అన్నా!"

"మా సింగారి ఇంత ఉంటాది" అని గంగులు తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించి, మళ్లీ కాలు ఎత్తాడు.

అప్పుడు సింగారికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆరేళ్లుగా కడుపులో దాచుకున్న కోపం.

"దొంగా! నన్ను కూడా సంతకు పిల్చుకుపోతానని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, నేను నిద్ర లేవకముందే ఉప్పు బాట పట్టి పోతివి! ఏడుస్తానని భయపడి, చెప్పులు చేతిలో పట్టుకుని దొంగమాదిరి పోతివి! నాకు తెలీదనుకున్నావా? కళ్లు మూసుకోనుంటి గానీ మేలుకోనే ఉంటి! నువ్వు ఆగుతావేమోనని చూస్తాంటి! ఇంక నీతో మాట్లాడేదే లేదు, పో!"

గంగులు కాలు గాలిలోనే ఆగిపోయింది. ఒట్టు సంగతి, చెప్పుల సంగతి వాడికీ చెల్లెలికీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఎత్తిన కాలు వెనక్కి తీసుకుని ఉప్పు మూట మీద చతికిలపడ్డాడు. "మేలుకోనే ఉంటివా?" అన్నాడు.

రక్కసుడు గట్లు దద్దరిల్లేలా అరిచాడు. రెండు కొసలూ తెగి, కొత్త అడుగు కలవని జాడ బతకదు. ముందు నుంచి ఒక అడుగు, వెనక నుంచి ఒక అడుగు బూడిదలో మాసిపోతూ వచ్చాయి. జాడ కురచనయ్యే కొద్దీ వాడూ కురచనయ్యాడు. చివరి అడుగు మాసిపోయేసరికి వాడు లేడు. అదే క్షణాన సూర్యుడు కుంకాడు, మోదుగ పూలన్నీ జలజలా రాలిపోయాయి. సింగారి కొమ్మ దిగి, మాట్లాడేదే లేదన్న అన్నను గట్టిగా పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

మర్నాడు వెనక్కి వస్తూ కొంగులో దాచిన పూల రసం ఓబన్న మీద చల్లారు. లేస్తూనే ఆయన, "నా వెనక వచ్చింది పిరికితనమా? చెప్పవే, పిరికితనమా?" అని మేనకోడలి చెవి మెలిపెట్టాడు. ఆ తర్వాత బాట మీద రాళ్లై నిలిచిన సైనికులు కూడా ఆ రసంతోనే లేచారు. ఎలుగుబంటికి పిడికెడు ఉప్పు ముట్టింది. గట్టుసీమలో ఆ రోజు ఉడికిన పప్పు రుచి నేను చెబితే మీకు నోరూరుతుంది, వద్దులే.

రాజుగారు సభ చేసి సింగారిని ఆ గట్లన్నిటికీ దొరసానిని చేశారు. కొత్త బాట ఎక్కడ పడాలన్నా ఆమె మాటే చెల్లుబాటు. రాజకుమారుణ్ణి పెళ్లి చేసుకుందా అని అడగబోతున్నారు, నాకు తెలుసు. అతను అడిగాడు. "ముందు ఇల్లు అలకడం సరిగ్గా నేర్చుకో, చూద్దాం" అందట. రెండు వసంతాల తర్వాత పెళ్లయింది కాబట్టి నేర్చుకునే ఉంటాడు.

కానీ ఆ సభ కంటే, ఆ పెళ్లి కంటే ముందు ఇంకొకటి జరిగింది. ఊరు చేరిన మొదటి సంతరోజున, ఇంకా చీకటి విడవకముందే గంగులు లేచాడు. చెప్పులు తొడుక్కుని టపటపా చప్పుడు చేసుకుంటూ చెల్లెలి మంచం దగ్గరికి వెళ్లి, "లెయ్ సింగారీ, సంతకు పోదాం" అని తట్టి లేపాడు.